అనుమతి కోసం ఇంటిని చదవాల్సి వచ్చింది

ఇంగ్లండు తూర్పున సఫోక్ కౌంటీలో మేం కొన్న ఇల్లు ఒకప్పుడు ఎవరో మోతుబరి రైతుది. గులాబీ రంగు పూసిన గోడలు, నిటారుగా వాలిన ఎర్ర పెంకుల కప్పు, నడికప్పులోంచి లేచిన లావుపాటి ఇటుక పొగగొట్టం. దారిన పోయేవారికి ఇంతకుమించి ఏమీ కనిపించదు. గోడల లోపల సుమారు 500 ఏళ్ల నాటి ఓక్ కలప చట్రం ఉందని, దాన్ని ముట్టుకోవాలంటే అనుమతి కావాలని కొనేముందే మాకు తెలుసు. ఆ అనుమతి అడగడమంటే ఎంత పనో మాత్రం అందులోకి దిగాకే అర్థమైంది. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో పాత ఇళ్ల మీద మనసు పడేవారు నాకు కొందరు తెలుసు. వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అంతకన్నా ముఖ్యంగా, ఆ కాలపు వడ్రంగులు ఇల్లు ఎలా కట్టారో చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఇంగ్లండులో చారిత్రక విలువ, నిర్మాణ విలువ ఉన్న కట్టడాలను ఒక జాతీయ జాబితాలో చేరుస్తారు. అందులో ఇప్పుడు దాదాపు 4 లక్షల నమోదులున్నాయి. గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులు. పదింటిలో తొమ్మిదికి పైగా గ్రేడ్ 2వే, మాదీ అదే. 1700కు ముందు కట్టి, అసలు రూపాన్ని చాలావరకు నిలుపుకున్న ఇళ్లు దాదాపు అన్నీ ఈ జాబితాలో ఉంటాయి. గ్రేడ్ 2 అంటే వీధివైపు గోడకే రక్షణ అని చాలామంది అనుకుంటారు. నిజానికి తరగతి ఏదైనా లోపలా బయటా ఇల్లంతా రక్షణ కిందే ఉంటుంది. మెట్లు, తలుపులు, అటకలోని వాసాలు అన్నీ. 1948 జులై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న కొట్టాలు, ప్రహరీలు కూడా దాని కిందికే వస్తాయి. ఇంటి స్వభావాన్ని మార్చే పని అనుమతి లేకుండా చేస్తే 1990 నాటి చట్టం ప్రకారం అది నేరం. జరిమానాకు పరిమితి లేదు, రెండేళ్ల దాకా జైలుశిక్ష కూడా పడవచ్చు. దరఖాస్తుకు మాత్రం రుసుము లేదు.

మాకు అనుమతి అవసరమైంది ప్రధానంగా సిమెంటు వల్ల. కొన్ని దశాబ్దాల కిందట ఎవరో పాత సున్నపు పూతను కొట్టేసి, గోడలన్నిటికీ బయట సిమెంటు మెత్తించారు. కలప చట్రం ఉన్న ఇంటికి ఇంతకు మించిన హాని లేదు. ఓక్ దూలాలు ఎండకూ తేమకూ కొంచెం కొంచెం కదులుతుంటాయి. సున్నపు పూత ఆ కదలికను భరిస్తుంది, సిమెంటు పగులుతుంది. ఆ పగుళ్లలోంచి వాననీరు లోపలికి దిగుతుంది గానీ ఆవిరై బయటికి పోలేదు. రెయిన్‌కోటు తొడుక్కుని పొలం పని చేస్తే లోపల ఒళ్లంతా తడిసినట్లు, ఆ గోడ లోపలే నానుతుంది. కలపలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పడుతుంది, బూజు మెత్తబరచిన ఓక్‌ను పురుగు తొలుస్తుంది. మా ఉత్తరపు గోడలో కింద భాగం తడితే బోలుగా మోగేది. సిమెంటు తీసేసి మళ్లీ సున్నం వేయాలి, లోపల పాడైన కలపను బాగుచేయాలి, చీకటిగా ఉన్న వంటిల్లును కాస్త తెరిపి చేసుకోవాలి. ఇవీ మా కోరికలు.

పాత ఇళ్లు బాగా తెలిసిన ఒక కట్టడాల సర్వేయరును కుదుర్చుకున్నాం. దరఖాస్తుతోపాటు హెరిటేజ్ స్టేట్‌మెంట్ అనే నివేదిక ఇవ్వాలని, ఇంట్లో ఏ భాగం ఏ కాలానిదో, దాని విలువ ఏమిటో, మనం చేయబోయే పని దాని మీద ఏ ప్రభావం చూపుతుందో అందులో చెప్పాలని ఆవిడ వివరించారు. జాబితాలో మా ఇంటి గురించి ఉన్నది నాలుగు వరుసలు. ఎవరో ఎప్పుడో వచ్చి, బయటినుంచి చూసి రాసినట్లుంది. పాత నమోదులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయట. ఇల్లు ఏదో గుర్తుపట్టడానికి రాసినవి గనుక, వాటిలో లేనంత మాత్రాన ఆ వస్తువుకు విలువ లేదని అనుకోకూడదు. కాబట్టి టార్చిలైటు, టేపు పట్టుకుని అటక నుంచి మొదలుపెట్టాం.

అటకలో ఆవిడ మొదట చూపించినవి పొగచూరిన వాసాలు. ఇంటి నడిమి భాగం మీద ఉన్న వాసాలు మసిబారి నల్లగా ఉన్నాయి. రెండు చివర్ల మీద ఉన్నవి తేనె రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఇంటి చరిత్ర అంతా ఆ ఒక్క తేడాలో ఉంది. కట్టిన కొత్తలో ఈ ఇంటికి పొగగొట్టమే లేదు. మధ్యలో పెద్ద హాలు నేల నుంచి పైకప్పు దాకా తెరిచి ఉండేది. నేల మీదే పొయ్యి. పొగ పైకి లేచి, వాసాల మధ్య సుళ్లు తిరిగి, కప్పు సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. కుటుంబం, పాలేర్లు అందరూ ఆ హాల్లోనే తినేవారు. ఆ హాలుకు ఒక చివర యజమాని గది, రెండో చివర తిండి సరుకుల గదులు రెండు: ఒకటి రొట్టెలకు, ఒకటి బీరు పీపాలకు. ఇంగ్లండు పల్లెల్లో మధ్యయుగపు రైతు ఇంటి అమరిక చాలా చోట్ల ఇదే. కెంట్‌లో ఒక జలాశయం కోసం తీసుకున్న భూముల నుంచి బేలీఫ్ అనే ఇలాంటి ఇంటిని విప్పి తెచ్చి, ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. పొగగొట్టం లేని హాలు ఎలా ఉండేదో కళ్లారా చూడాలనుకునేవారు అక్కడికి వెళ్లాలి. మా అటక అర్థం కావడానికి మేమూ వెళ్లాం.

తర్వాత ఇటుక పొగగొట్టాలు వచ్చాయి. 16వ శతాబ్దంలోనూ 17వ శతాబ్దంలోనూ రైతులు హాల్లో పొగగొట్టం కట్టించుకుని, ఇక పొగ బెడద లేదు గనుక మధ్యలో ఒక అంతస్తు వేయించుకున్నారు. మా ఇంట్లో దానికి సాక్ష్యం చిన్న దూలాల్లో దొరికింది. చివరి గదుల మీది అంతస్తును మోసే దూలాలు బల్లపరుపుగా పడుకోబెట్టి ఉన్నాయి, అంటే వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. హాలు మీద వేసినవి నిలువుగా, ఎత్తు ఎక్కువగా ఉన్నాయి. మధ్యయుగపు వడ్రంగులు దూలాన్ని పడుకోబెట్టేవారు. నిలబెడితేనే ఎక్కువ బరువు మోస్తుందన్నది తర్వాతి తరాల్లో వాడుకలోకి వచ్చిన పద్ధతి. ఒకే ఇంట్లో రెండు పద్ధతులు పక్కపక్కన ఉండటం చూశాక, ఆ అంతస్తు తర్వాత చేర్చిందని వేరే రుజువు అక్కర్లేకపోయింది.

చట్రం సంగతి ఇంకొంచెం చెప్పాలి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఓక్‌ను పచ్చిగా ఉన్నప్పుడే కోసి వాడేవారు. ఎండితే ఇనుములా గట్టిపడి ఉలి దిగదు. చెట్టు కొట్టాక వడ్రంగి తన స్థలంలోనే గోడకు గోడ చొప్పున చట్రమంతా నేలమీద పేర్చి, కలిపి చూసి, విప్పి, బండ్ల మీద ఇంటి జాగాకు తెచ్చేవాడు. ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి ప్రతి కీలు దగ్గర ఉలితో రోమన్ అంకెలు చెక్కేవాడు. మా అటకలో అవి ఇంకా పదునుగా ఉన్నాయి. నాలుగును నాలుగు నిలువు గీతలుగానే గీశాడు. మేకు అన్నది లేదు. ఒక కొయ్య కొనను చెక్కి రెండో కొయ్య రంధ్రంలో దింపి, అడ్డంగా ఓక్ చీల కొట్టాడు. చీల రంధ్రాలను కావాలనే కాస్త ఎడంగా తొలిచేవారు. చీల దిగేకొద్దీ కీలు దగ్గరకు లాగి బిగుస్తుంది. మూలస్తంభాలైతే చెట్టును తలకిందులు చేసి నిలిపినవి. చెట్టు మొదలు సహజంగానే లావుగా ఉంటుంది గనుక దాన్ని పైకి పెడితే గోడ మీది దూలం, ఇంటికి అడ్డంగా పోయే దూలం రెండూ ఆ లావు తల మీద కూర్చుంటాయి.

కిటికీల చరిత్ర కూడా కలపలోనే ఉంది. హాలు గోడ పైదూలం అడుగున ఒక వరుసలో వజ్రాకారపు గుంటలు కనిపించాయి. కింద సిమెంటు పూత తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ అద్దం లేని కిటికీ ఉండేదని, ఆ గుంటల్లో నిలువు కొయ్యలు నిలిపేవారని, పక్కనున్న పొడవాటి గాడిలో చెక్క తలుపు జరిగేదని సర్వేయర్ చెప్పారు. ఆనాడు గాజు ఖరీదైనది, రైతుకు అందేది కాదు.

ఇంటికి కచ్చితమైన సంవత్సరం తేలుతుందేమోనని ఆశపడ్డాను. చెట్టు వలయాలను లెక్కించి, చెట్టు ఏ ఏట కొట్టారో చెప్పే నిపుణుడిని పిలిపించాం. చేవ బయట ఉండే పైచెక్క కొంతైనా మిగిలి ఉంటే ఏడాదిని బాగా దగ్గరగా చెప్పగలుగుతారు. అయితే తూర్పు ఇంగ్లండు ఓక్‌లు సారవంతమైన నేలలో త్వరగా పెరిగినవి, వలయాలు వెడల్పుగా ఉండి లెక్కకు తక్కువ. పోల్చి చూడటానికి కనీసం ఒక యాభై వలయాలైనా కావాలి. మా దూలాల్లో అన్ని లేవు. చివరకు కీళ్ల తీరును బట్టి, పైకప్పు నిర్మాణాన్ని బట్టి 15వ శతాబ్దం చివర లేదా 16వ శతాబ్దం ఆరంభం అని నివేదికలో రాశారు. అది సఫోక్ ఉన్ని బట్టల వ్యాపారంతో వెలిగిన కాలం. లావెన్‌హామ్ పట్టణంలోని వంకర కలప ఇళ్లూ ఆ సంపదతో లేచినవే.

దరఖాస్తు వేయకముందే స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల సంరక్షణ చూసే కన్సర్వేషన్ అధికారి ఇంటికి వచ్చి చూశారు. సిమెంటు తీస్తామంటే సంతోషించారు. వంటింటి దగ్గర ఆగారు. ముందు తలుపు తెరవగానే వెనక తలుపు దాకా సన్నటి నడవ ఒకటి ఉంది. దానికి ఒక పక్క పొగగొట్టం వీపు, రెండో పక్క కలప గోడ. ఆ కలప గోడకు అవతల, పాత సరుకుల గదులు కలిసిపోయిన చోటే మా వంటిల్లు. గోడలో రెండు నిలువు గుంజలు కోసి దారి వెడల్పు చేయాలన్నది మా ప్రతిపాదన. ఆ గోడ ఇల్లు కట్టిననాటిదని, దాని గుంజలు కోయడానికి తాను ఒప్పుకోలేనని అధికారి మర్యాదగానే, గట్టిగానే చెప్పారు. అంతటితో వదిలేయకుండా ఆయన మేం గీసిన ఇంటి పటంలో ఒక చోట వేలు పెట్టి చూపించారు. ఇప్పుడున్న తలుపు పక్క గుంజకు, అవతలి వైపు కూడా చీల రంధ్రాలున్నాయి. రెండు సరుకుల గదులకు రెండు తలుపులు పక్కపక్కనే ఉండటం ఇలాంటి ఇళ్లలో రివాజు కదా, మరి రెండోది ఏమైంది?

అధికారి సమ్మతితో ఆ చోట చిన్న చదరం మేర పూత తీయించాం. లోపల రెండో ద్వారబంధం అలాగే ఉంది. పైన కొయ్యను విల్లులా వంచి చెక్కిన కమాను కూడా చెక్కుచెదరలేదు. ఎప్పుడో దాన్ని బద్దలతో, పూతతో మూసేశారు. దాన్ని తెరిస్తే వంటింటికి వెలుతురూ వస్తుంది, దారీ వస్తుంది, ఒక్క గుంజ కూడా కోయనక్కర్లేదు. మా ప్రతిపాదన మార్చుకున్నాం. అనుమతుల వ్యవస్థను తిట్టుకునేవారితో నేను వాదించేది ఈ చోటే. కోయవద్దని చెప్పడానికి అధికారికి ఒక్క నిమిషం చాలు. ఆయన అంతకంటే ఎక్కువ చేశారు. నివేదిక రాయాల్సి రావడం వల్లే ఆ గుంజను కొలిచి గీశాం, గీయడం వల్లే ఆ రంధ్రాలు కాగితం మీదికి వచ్చాయి. ముట్టుకునే ముందు తెలుసుకోమని అడగడం చట్టం చేసిన మంచి పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

తాలింపు పొగ బయటికి పోయే గొట్టానికి కూడా అనుమతి కావాలి. పాత గోడకు రంధ్రం పెట్టకుండా, వెనక 20వ శతాబ్దంలో చేర్చిన వసారా కప్పులోంచి దాన్ని బయటికి తీశాం.

దరఖాస్తులో స్థలపటం, ఇప్పుడున్న ఇల్లు, చేయబోయే మార్పులు, కీళ్ల వివరాలు, ఫోటోలు, నివేదిక అన్నీ పెట్టాం. గేటు దగ్గర నోటీసు అంటించారు, అభ్యంతరాలకు 21 రోజుల గడువు. నిర్ణయానికి 8 వారాలని నియమం ఉన్నా మాకు ఎక్కువే పట్టింది. మధ్యలో గబ్బిలాల సంగతి వచ్చింది. అటకలో వాటి రెట్టలు కనిపించాయి. ఇంగ్లండులో గబ్బిలాలకూ అవి ఉండే చోటుకూ చట్టరక్షణ ఉంది. అవి సాయంత్రం బయటికి వచ్చే వేళ కాపుకాసి లెక్కించే సర్వే వేసవి నెలల్లోనే చేయాలి. దానికోసం గోడలను ఇంకో శీతాకాలం నాననివ్వడం మాకు ఇష్టం లేక పెంకుల పనిని దరఖాస్తులోంచి తీసేశాం. చివరకు షరతులతో అనుమతి వచ్చింది. మూడేళ్లలో పని మొదలుపెట్టాలి. పూత నమూనా ఒక చదరం వేసి చూపించి ఆమోదం పొందాకే మిగతా గోడలకు వేయాలి. సిమెంటు తీశాక బయటపడిన చట్రాన్ని ఫోటోలు తీసి, గీసి, ఆ రికార్డు అప్పగించాలి.

పరంజా కట్టి సిమెంటు ఊడదీసిన వారం మాకు గట్టి పరీక్ష. ఉత్తరపు గోడ అడుగు దూలం చాలా దూరం చేతికి పొడిలా రాలింది. దాని మీద నిలిచిన గుంజల పాదాలూ పోయాయి. గోడను జాకీల మీద నిలిపి, వడ్రంగి పాడైన మేరకే కోశాడు. ఒక్కో గుంజలో గట్టి భాగం ఎంతవరకు ఉందో ఉలితో తడుముతూ వెళ్లి, అక్కడి నుంచే కొత్త ఓక్‌ను ఏటవాలు అతుకుతో కలిపాడు. మొత్తం గుంజ మార్చేయడం ఆయనకు తేలిక, మాకు చవక. కానీ పాతదాన్ని వీలైనంత ఉంచడమే ఈ పనిలో మొదటి సూత్రం. విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం స్థాపించినప్పటి నుంచి ఇక్కడ ఆ మాట గట్టిగా నిలిచింది. కొత్త ముక్కల లోపలి వైపు అమర్చిన ఏడాది అంకెను చెక్కమని అడిగాం. రేపు ఎవరైనా తెరిచి చూస్తే ఏది పాతదో, ఏది కొత్తదో తడబడకూడదు. ఇంటి చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని కూడా తవ్వి, అడుగు దూలం కింది ఇటుక పీఠం బయటపడేలా చేశాం.

గుంజల మధ్య చాలా చోట్ల పాత తడికలు బతికే ఉన్నాయి. హేజెల్ కొమ్మలతో తడిక అల్లి, బంకమట్టి, గడ్డి కలిపిన ముద్దను రెండు వైపులా మెత్తారు. మా అమ్మమ్మగారి ఊళ్లో మట్టి మెత్తిన తడిక గోడలు చూసిన నాకు అవి కొత్తగా అనిపించలేదు. మట్టి రాలిన చోట అదే మట్టిని తడిపి మళ్లీ మెత్తారు. తర్వాత సున్నం. మన దగ్గర గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపేవారు. ఇక్కడ సున్నంలో ఇసుకతోపాటు మేక వెంట్రుకలు కలుపుతారు. పూత పగలకుండా ఆ వెంట్రుకలే పట్టి ఉంచుతాయి. బద్దల మీద మూడు పొరలుగా వేశారు. ఒక్కో పొర గట్టిపడే దాకా ఆగాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది, దాన్ని తొందరపెట్టలేం. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టారు. మంచు పడేలోగా పని ముగియాలి. చివరకు పల్చటి సున్నపు పూతలు ఒకదాని మీద ఒకటి, అందులో ఎర్రమట్టి రంగు కలిపి. సఫోక్ గులాబీ రంగుకు ఎద్దు రక్తం కలిపేవారన్న కథ పల్లెల్లో వినిపిస్తుంది. మా మేస్త్రీ మాత్రం ఎర్రమట్టినే నమ్మాడు.

ఓక్ చట్రాన్ని బయటికే వదిలేయవచ్చు కదా అని స్నేహితులు అడిగారు. నల్ల దూలాలు, తెల్ల గోడలు అందంగా ఉంటాయని. సఫోక్‌లో చాలా ఇళ్లకు 17వ, 18వ శతాబ్దాల నుంచే పూత ఉంది. ఓక్‌కు నల్లరంగు వేయడం ఎక్కువగా విక్టోరియా కాలపు మోజు. పూతే ఈ ఇంటిని ఇన్నేళ్లు కాపాడింది.

ఒక విషయంలో నాకు కోపం ఉంది. ఈ మరమ్మతులన్నిటి మీద 20 శాతం వ్యాట్ కట్టాం. కొత్త ఇల్లు కడితే ఆ పన్ను సున్నా. 2012 అక్టోబరు 1 దాకా అనుమతి పొందిన మార్పులకైనా జాబితాలో ఉన్న ఇళ్లకు ఆ పన్ను ఉండేది కాదు, దాన్నీ తీసేశారు. ఇంటిని కాపాడటం చట్టప్రకారం అందరి మేలు కోసమే అయినప్పుడు, కాపాడేవారి మీద కూల్చి కట్టేవారి కన్నా ఎక్కువ పన్ను వేయడం అన్యాయం.

కొనాలనుకునేవారికి రెండు మాటలు. గోడ అడుగు భాగాన్ని చేత్తో తట్టి చూడండి, సిమెంటు ఉందో లేదో ముందే కనుక్కోండి. వెనకటి యజమానులు చేయించిన ప్రతి మార్పుకూ అనుమతి పత్రం అడగండి. అనుమతి లేని పనిని సరిచేయమని కౌన్సిల్ ఇప్పటి యజమానినే అడగవచ్చు, దానికి కాలపరిమితి లేదు.

ఈ వేసవిలో గబ్బిలాల సర్వే అయిపోతే పెంకుల పనికి దరఖాస్తు పెడతాం. ఆ నివేదిక ముసాయిదా ఈసారి నేనే రాస్తున్నాను.